లెక్కల మాస్టారి పద్నాలుగు చెక్కలు

గోడల అడుగున, నేల అంచు వెంట బిగించిన పాతకాలపు టేకు చెక్కలకు నాలుగు పొరల రంగు పట్టి ఉంది. దాన్ని తనే వలిచేస్తానని లెక్కల మాస్టారు మామగారి ముందు నోరు జారారు. మామగారు నలభై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషి. అల్లుడి చేతికి సుద్దముక్క తప్ప ఇంకేదీ లొంగదని ఆయన గట్టి నమ్మకం. పాత గోడలు వంకర కాబట్టి ఒక చెక్క చోట ఇంకోటి కూర్చోదని, ఒక్కోటీ ఊడదీయగానే నంబరు వేసుకోమని చెప్పి, ఆదివారం వస్తానన్నారు.

నంబర్లు వేయమని లెక్కల మాస్టారికి చెప్పాలా! ఒకటి నుంచి పద్నాలుగు దాకా ముత్యాల్లాంటి అంకెలు వేశారు, సుద్దతో. వెనకవైపు మసి, బూజు. అక్కడ అంకె అందం చెడుతుందని ముందువైపే వేశారు మహానుభావుడు, రంగు మీద.

ఆపైన మూడు రోజులు పెరట్లో కూర్చుని, రంగు వదిలించే మందు పూసి, అది ఉబ్బగానే రేకుతో గీకారు. తేనెరంగు టేకు బయటపడిన కొద్దీ మురిసిపోయి భార్యను పిలిచి చూపించారు. ఆవిడ వచ్చినప్పుడల్లా బాగుందని చెప్పి, నవ్వు ఆపుకుంటూ లోపలికి వెళ్లింది.

శనివారం సాయంత్రం ఆఖరి చెక్క గోడకు ఆనించి మాస్టారు వరస చూసుకున్నారు. పద్నాలుగూ నున్నగా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీదా అంకె లేదు. ఏది పెట్టి చూసినా ఎక్కడా ఇమడలేదు.

"రేపటి నుంచి మీ నాన్న ముందు తలెత్తుకోలేను" అని భార్య దగ్గర వాపోయారు. ఆయన వచ్చాక చూద్దాంలెమ్మందావిడ.

పొద్దున్నే మామగారు వచ్చారు. అల్లుడు గొంతు సవరించుకునేలోపే ఒక చెక్క తిరగేశారు. మసి తుడిచిన జాగాలో, పెన్సిల్‌తో ఆరు. దాని కింద చిన్న గీత, చెక్క తలకిందులైనా తొమ్మిది అనుకోకుండా. ఆ బూజువైపు మాస్టారు ఒక్కసారైనా చూస్తే కదా!

మధ్యాహ్నానికి పద్నాలుగూ అతికినట్టు కూర్చున్నాయి.

"పని బాగా చేశారు అల్లుడుగారూ. నంబర్లు కూడా" అన్నారు మామగారు.

అవునంటే సరిపోయేది. మాస్టారు గుమ్మంలో నిలబడ్డ భార్యను చూశారు.

"అవి మీ అమ్మాయి వేసినవి మావయ్యగారూ. నావి రంగుతోపాటే గీకి పారేశాను."

మామగారు అల్లుడి భుజం మీద చెయ్యి వేశారు. అలా వేయడం అదే మొదటిసారి.

"తెలుసు. వెనకవైపు వేయడం దానికి చిన్నప్పుడు నేనే నేర్పాను" అన్నారు. "నా నంబర్లు నేనే చిత్రిక పట్టి పారేసిన మర్నాడు."