ఆ మాట విన్నప్పుడు తేదీ చూడండి

మంగళవారం ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకు, ఆరోగ్య బీమా కంపెనీ ఫోన్ల గదిలో, చేరి వారమైనా కాని ఒకమ్మాయి, భార్య చనిపోయిందని చెప్పడానికి ఫోన్ చేసిన పెద్దాయనతో "పర్లేదు సార్, రెన్యూ చేసేద్దాం" అంది.

ఆయన అన్నది "మై వైఫ్ ఈజ్ ఎక్స్‌పైర్డ్, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్" అని. అమ్మాయి తెర మీద తేదీ చూసింది. ఆయన భార్య కార్డు గడువు ఆదివారంతో ముగిసింది.

"చిన్న విషయమే సార్. రెండు నిమిషాల పని."



"చెయ్యగలవామ్మా?" అని అడిగి, ఆయన ఫోన్ పెట్టేశాడు.

కొత్తవాళ్లకు ఇంగ్లీషు నేర్పే మాస్టారు ఆ ఉదయమే ఈ రికార్డింగును మేనేజరు గదిలో విన్నాడు. పదకొండేళ్లుగా ఆయనదే ఆ క్లాసు. వాడుకలో అరిగిపోయిన తప్పు ఇంగ్లీషు మాటలంటే ఆయనకు ఒళ్లు మంట. 'రివర్ట్ బ్యాక్', 'డిస్కస్ అబౌట్', 'మైసెల్ఫ్ ఫలానా' అన్నీ బోర్డు మీద రాసి, ఒక్కొక్కటీ కొట్టేసేవాడు. అంతకుముందు గురువారం క్లాసులో 'ఎక్స్‌పైర్' వంతు వచ్చింది.

"మనుషులు ఎక్స్‌పైర్ అవరు. మందులవుతాయి, కార్డులవుతాయి. ఆ మాట విన్నప్పుడు తేదీ చూడండి, చాలు."

వెనక బెంచీలోంచి ఈ అమ్మాయే లేచింది. "మా ఇంటి చుట్టుపక్కల పోయినవాళ్లని అలాగే అంటారు మాస్టారూ."

"అయితే మీ వీధిలో పుట్టినవాళ్ల వీపు మీద తేదీ ముద్ర కొడతారేమో, చూసి చెప్పు."

క్లాసంతా విరగబడి నవ్వింది. అమ్మాయి కూడా నవ్వి, కూర్చుని, ఆయన చెప్పింది చెప్పినట్టు నోటుపుస్తకంలో రాసుకుంది.

రికార్డింగు ఆగింది. మేనేజరు మేడమ్ ఆయన వైపు తిరిగింది. "ఆ పెద్దాయన ఇప్పటికే పైవాళ్లకి ఫిర్యాదు చేశాడు. పిల్ల ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది, ఉంచాలో పంపాలో మధ్యాహ్నంలోగా చెప్పాలి. మాస్టారూ, మీరు నేర్పిందేనా ఇది?"

అమ్మాయి గోడ పక్కన నిలబడి ఉంది. నోటుపుస్తకం చేతిలోనే ఉంది.

"క్లాసులో సవాలక్ష చెప్తామండీ," అన్నాడు మాస్టారు. "బుర్ర వాడుకోవాల్సింది వాళ్లే కదా."

అమ్మాయి ఆయన వంక చూసింది. పుస్తకం తెరవలేదు. "పొరపాటు నాదే మేడమ్," అంది.

మాస్టారు ఆ పూట రెండు క్లాసులు చెప్పాడు. భోజనం డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. రెండున్నరకు మేనేజరు గదికి వెళ్లి, గురువారం తను అన్నదీ, ఆ అమ్మాయి అడిగిందీ, అందరూ నవ్విందీ పూస గుచ్చినట్టు చెప్పాడు.

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఈ ముక్క పొద్దున అనడానికి నోరు రాలేదా మాస్టారూ? ఒంటిగంటకే ఉత్తరం ఇచ్చేశాం. పిల్ల వెళ్లిపోయింది."

"మళ్లీ పిలవొచ్చు కదండీ."

"పైవాళ్లు సంతకం పెట్టేశాక నేనెవర్ని పిలవడానికి? మీరు చెప్పింది కాగితం మీద రాసివ్వండి, పంపిస్తాను."

రాసిచ్చాడు. ఒక పేజీ. సాయంత్రం ఆరింటికి మెట్ల మీద నిలబడి అమ్మాయికి ఫోన్ చేశాడు. మూడోసారికి ఎత్తింది.

"తప్పు నాదేనమ్మా. మేడమ్‌కి అంతా చెప్పాను."

"ఎప్పుడు చెప్పారు మాస్టారూ?"

"రెండున్నరకి."

"అప్పటికి నేను బస్సులో ఉన్నాను," అంది. "ఆ పెద్దాయనకి ఎవరైనా ఫోన్ చేశారా?" అని అడిగింది.

"లేదు."

"చెయ్యండి," అని ఫోన్ పెట్టేసింది.

ఆరూ ఇరవైకి మాస్టారు ఆ నంబరుకు ఫోన్ చేశాడు. పెద్దాయన కూతురు ఎత్తింది. నాన్న ఎవరితోనూ మాట్లాడనంటున్నారని చెప్పింది. మాస్టారి ఉత్తరం బుధవారం పైఆఫీసుకు చేరింది. శుక్రవారం దాకా జవాబు రాలేదు. అమ్మాయి కుర్చీలో ఆ పై సోమవారం నుంచి ఇంకొకరు కూర్చుంటున్నారు.