నీళ్ళ కింద ఇంటిస్థలం

భూహక్కుల నిపుణుల సంఘం, గోదావరి శాఖ. పేరు పెద్దదే గానీ మనుషులు నలభై మంది కూడా ఉండరు. లైసెన్సు సర్వేయర్లు, రిటైరైన రెవెన్యూ వాళ్ళు, భూమి కేసులు చూసే లాయర్లు, ఇద్దరు ముగ్గురు దస్తావేజు లేఖరులు. నెలకోసారి రాజమహేంద్రవరంలో ఒక హోటలు మేడ మీద కలుస్తారు. ఒకరు కొత్త చట్టం గురించి మాట్లాడతారు, మిగిలినవాళ్ళు వాట్సాప్ చూసుకుంటారు, ఆ తర్వాత ఉప్మా పెసరట్టు. వచ్చిన అతిథి ఎవరైనా సరే శాలువా కప్పకుండా పంపరు. శాలువా అయ్యాక ఫోటో, ఫోటో అయ్యాక జ్ఞాపిక, జ్ఞాపిక అయ్యాక అతిథిగారి స్పందన. చివర్లో కార్యదర్శి వందన సమర్పణ చేసి, జనగణమన పాడేదాకా కుర్చీలోంచి ఎవరూ లేవకూడదు. ఇది రాసిపెట్టిన నియమం కాదు. రాసిపెట్టినవన్నీ మర్చిపోయారు గానీ, ఇదొక్కటి మాత్రం ఏనాడూ తప్పలేదు.

ఆ కార్యదర్శి యుగంధర్. సర్వేయరు. పని బాగా తెలిసినవాడు, దానికి తోడు మహా మొహమాటస్తుడు. పెద్దవాళ్ళ మాటకు అడ్డు చెప్పాలంటే అతనికి నోరు పెగలదు. ఇంట్లో అతని భార్య ఉషారాణి ఈ మాట అనీ అనీ విసిగిపోయి ఊరుకుంది.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఆ సంవత్సరం సంఘం నిజంగానే ఒక మంచిపని తలపెట్టింది. ఆ ఆలోచన యుగంధర్‌దే.

ఉప్పాడ దాటాక ఒడ్డుపేట అని చిన్న మత్స్యకారుల పేట ఉంది. ఉంది అనడం కూడా సగమే నిజం. ముందు వరస ఇళ్ళన్నీ సముద్రం ఎప్పుడో తినేసింది. ఇల్లు పోయిన కుటుంబాలు తుఫాను షెల్టరు వెనక పాకలు వేసుకుని బతుకుతున్నాయి. వాళ్ళకు లోపలెక్కడో వేరే స్థలాలిచ్చే పథకం ఒకటి వచ్చింది. వచ్చిందన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. పోయిన స్థలం తమదేనని రుజువు కావాలంటే పట్టా ఉన్న మనిషి ఆ హద్దుల లోపల నిలబడి, పథకం యాప్‌లో ఫోటో దిగాలి. మొహం కనబడాలి. పక్కన ఇంకో మనిషి ఉండకూడదు, ఉంటే ఆ ఫోటో చెల్లదు. పొలాలకోసం పెట్టిన నిబంధన సముద్రానికి కూడా పెట్టారు, అంతే. పైనుంచి వచ్చినవాళ్ళు రెండుసార్లు ఒడ్డు దాకా వచ్చి, నీళ్ళు చూసి, "స్థలం లేదు" అని రాసుకుని వెళ్ళిపోయారు.

యుగంధర్ ఆ పేటకు వెళ్ళి రోజంతా తిరిగాడు. అమావాస్య పాటుకి, అంటే నీళ్ళు బాగా వెనక్కి తీసినప్పుడు, పాత ఇళ్ళ పునాదులు బయటపడతాయని కళ్ళారా చూశాడు. ఆ వేళకి మనుషుల్ని తీసుకెళ్ళి నిలబెడితే మోకాలి లోతే. సంఘం తరఫున అర్జీ పెట్టి, కాళ్ళరిగేలా తిరిగి, ఒక్క రోజుకి అనుమతి తెచ్చాడు. అమావాస్య ఆదివారం పడింది. పాటు మధ్యాహ్నం మూడింటికి. యాప్ తెరిచే అనుమతి అతని ఒక్కడి ఫోనుకే ఇచ్చారు.

శాఖ అధ్యక్షుడు లోకనాథ్ గారు రిటైరైన తహసీల్దారు. ఈ సంగతి విని పొంగిపోయారు. "ఇంత మంచి కార్యక్రమాన్ని ఊరికే చేసేస్తామా అండీ? రాష్ట్ర అధ్యక్షుల వారిని పిలుద్దాం. అక్కడే సభ పెట్టేద్దాం" అన్నారు. యుగంధర్ సరేనండీ అన్నాడు. ఇంకేమంటాడు?

*

సభ తుఫాను షెల్టరు హాల్లో. భోజనాలయ్యాక మొదలుపెట్టి గంటలో ముగించాలని అనుకున్నారు. అతిథిగారి కారు కాకినాడలో ఎవరింట్లోనో ఆగి ఆలస్యంగా వచ్చింది. అక్కణ్ణుంచి ఇక చూడాలి మన వాళ్ళ మర్యాద. జ్యోతి వెలిగించారు. గాలికి ఆరిపోతే మళ్ళీ వెలిగించారు. వేదిక మీదున్న ఒక్కొక్కరికీ శాలువా, దండ. అతిథిగారు మైకు పట్టుకుని బ్రిటిషు వాళ్ళ భూమిశిస్తు దగ్గర మొదలుపెట్టారు.

పేట జనం వెనక వరసల్లో కూర్చున్నారు. వాళ్ళలో సూరమ్మ ఒకతె. చేపల గంప నెత్తిన పెట్టుకుని ముప్ఫయ్యేళ్ళు ఊళ్ళు తిరిగిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఇంటి దగ్గరే ఎండుచేపలమ్ముతోంది. ఫోటో అంటే ఏమనుకుందో ఏమో, ముదురాకుపచ్చ చీర కట్టుకుని, తలకు నూనె రాసుకుని వచ్చింది. ఆమె ఇల్లు ముందు వరసలో కొసది. అందుకని అందరికంటే లోపలికి పోయినది కూడా ఆమె స్థలమే. పక్కన కొడుకు పోతురాజు, కోడలు పాపాయి. ఈ స్థలం రాకపోతే వాళ్ళకు ఇంకో దారి లేదు. షెల్టరు వెనక పాకలు ఖాళీ చెయ్యమని అప్పటికే చెప్పిపోయారు.

మూడయింది. కిటికీలోంచి యుగంధర్‌కి సముద్రం కనిపిస్తూనే ఉంది. నీళ్ళు వెనక్కి తీసి, నల్లటి పునాది రాళ్ళు వరసగా బయటపడ్డాయి. ఇంతకంటే మంచి వేళ దొరకదు. గుమ్మం దగ్గరికి వచ్చి పోతురాజు సైగ చేశాడు. యుగంధర్ తలూపాడు. చీటీ రాసి లోకనాథ్ గారికి పంపాడు. ఆయన చదివి, జేబులో పెట్టుకుని, కూర్చోమన్నట్టు చెయ్యి చూపించారు. యుగంధర్ కూర్చున్నాడు.

లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే ఏమవుతుంది? కొంపలంటుకుంటాయా? నలుగురు మొహం మాడ్చుకుంటారు, అంతేగా. కానీ అతని కాళ్ళు కదల్లేదు. అతిథిగారు ఇనాం భూముల దాకా వచ్చారు. సూరమ్మ చెంగుతో మొహం తుడుచుకుంటూ కిటికీ వైపే చూస్తోంది.

చివరికి వందన సమర్పణ అతని వంతుకొచ్చింది. రెండు ముక్కల్లో ముగించేద్దామనే లేచాడు. ముందు వరసలో కూర్చున్న మొహాలు చూశాడు. ఒకరి పేరు చెప్పి ఒకరిది వదిలేస్తే సంవత్సరమంతా సాధిస్తారు. అతిథిగారి పేరు, వేదిక మీది పెద్దల పేర్లు, వంటవాళ్ళ పేర్లు, మైకు సెట్టు ఇచ్చినాయన పేరు, అన్నీ చెప్పాడు. ఒక్కటీ వదల్లేదు. జనగణమన పాడి బయటికొచ్చేసరికి ఎండ పసుపెక్కిపోయింది, నీళ్ళు మొదటి పునాదిని తాకుతున్నాయి.

*

పరుగులు పెట్టారు. ఒడ్డుకు దగ్గరగా ఉన్న స్థలాలు ముందు. ఒక్కొక్కరూ గబగబా దిగి, నిలబడి, ఫోటో దిగి వచ్చేస్తున్నారు. ఫోనులో ఒక్కో పేరు పక్కన పచ్చగుర్తు పడుతుంటే ఒడ్డున సంఘం వాళ్ళు చప్పట్లు కొట్టారు. అతిథిగారు కూడా కొట్టారు. పాటు పోయి పోటు ఎక్కుతున్న సంగతి చప్పట్లు కొట్టేవాళ్ళకేం తెలుసు? ఆడవాళ్ళు ఒకరి చేతులొకరు పట్టుకుని తొడలదాకా తడిసి వెనక్కి వస్తున్నారు.

అందరివీ అయ్యాయి. సూరమ్మది ఒక్కటే మిగిలింది.

యుగంధర్ నీళ్ళ వైపు చూశాడు. ఇది కుదరదు అని అతనికి తెలుసు. తెలియకపోవడమేంటి, మూడింటి నుంచీ తెలుసు.

"ఈ ఒక్కటీ రేపు తీసుకుందామండీ. పైవాళ్ళతో మాట్లాడి ఇంకో రోజు అడుగుదాం" అన్నాడు లోకనాథ్ గారితో.

"ఇంకో రోజు ఇస్తారా అండీ వాళ్ళు? ఈ ఒక్క రోజుకే ఎంత తిరిగారో మీకు తెలీదా?" అన్నారాయన. గొంతు తగ్గించి, "పైగా నూటికి నూరు శాతం అయిందని రాష్ట్ర అధ్యక్షుల వారు ఇప్పుడే విలేకరులకు చెప్పేశారు. ఒక్కటే కదా, చూడండి" అన్నారు.

సూరమ్మ అప్పటికే చీర దోపుకుంటోంది.

"వద్దులే మామ్మా. నీళ్ళు ఎక్కేస్తున్నాయి" అన్నాడు యుగంధర్.

"నా ఇంటికి నేనెళ్ళడానికి వద్దంటావేంటి బాబూ? సంద్రం నాకు కొత్తా? పోతురాజు పట్టుకుంటాడులే" అంది ఆమె. నవ్వింది కూడా. "ఈ ముసల్ది పోయాక ఈళ్ళకెవరిస్తారు స్థలం? తియ్యి, తియ్యి."

యుగంధర్ ఇంకోసారి వద్దని ఉంటే ఆమె ఆగేదేమో. అనలేదు. ఫోను పైకెత్తి పట్టుకుని, కూలిన గోడ రాయి మీదికెక్కి నిలబడ్డాడు. తల్లి రెక్క పట్టుకుని పోతురాజు లోపలికి నడిపించుకుపోయాడు. నడుము దాటి, పైకి వచ్చాయి నీళ్ళు. ఫోను తెర మీద కనబడుతున్న హద్దు గీత లోపలికి ఆమె వెళ్ళింది. సూరమ్మ ఆగి, ఇటు తిరిగి, తల సవరించుకుంది.

తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఫ్రేములో ఇద్దరున్నారు.

"పోతురాజూ, చెయ్యి వదులు. ఫోటోలో పడుతున్నావ్. కొంచెం పక్కకి జరుగు" అని కేకేశాడు యుగంధర్.

ఇన్నేళ్ళ సర్వేలో ఎన్ని వందల సార్లు అని ఉంటాడో ఆ మాట. పొలం గట్ల మీద, ఖాళీ స్థలాల్లో, తుమ్మపొదల పక్కన. అలవాటైన మాట, అలాగే వచ్చేసింది. పోతురాజు తల్లి వైపు చూశాడు. ఆమె పర్లేదన్నట్టు తలూపింది. అతను చెయ్యి వదిలి నాలుగు బారలు పక్కకి జరిగాడు.

యుగంధర్ నొక్కాడు. మొహం స్పష్టంగా లేదు, మళ్ళీ తీయండి అని వచ్చింది. తెర తుడిచి, మళ్ళీ తల ఎత్తేసరికి కెరటం దాటిపోయింది. సూరమ్మ నిలబడ్డ చోట నీళ్ళే ఉన్నాయి.

పోతురాజు మునిగి వెతికాడు. పేటలో ఈత వచ్చిన ప్రతివాడూ దూకాడు. పాపాయి ఒడ్డున గుండెలు బాదుకుంటూ అత్తని పిలిచింది. అతిథిగారిని ఎవరో మెల్లగా కారెక్కించి పంపేశారు. యుగంధర్ రాయి మీదే నిలబడిపోయాడు. దిగమని ఎవరో చెప్పి, చెయ్యి పట్టుకుని దించాల్సి వచ్చింది. తర్వాత సముద్రం ఆమెను తెచ్చి, ఉత్తరాన రాళ్ళ గట్టు దగ్గర వదిలిపెట్టింది.

*

తర్వాతి సమావేశంలో సంతాప తీర్మానం చేశారు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ తర్వాత లోకనాథ్ గారు, మనం చేసింది మంచిపనే, ఆవిడ ఆయుష్షు అంతవరకే ఉంది, ఎవరేం చెయ్యగలం అన్నారు.

యుగంధర్ లేచాడు. జన్మలో మొదటిసారి, సభ మధ్యలో.

"ఆయుష్షు కాదండీ. మూడింటికి మోకాలి లోతే. మనం శాలువాలు కప్పుకుంటూ కూర్చున్నాం. నేనూ కూర్చున్నాను. చెయ్యి వదలమన్నది కూడా నేనే."

లోకనాథ్ గారు గొంతు సవరించుకుని, "బాధలో ఉన్నారు. ఇవన్నీ మినిట్స్‌లో రాయక్కర్లేదు" అన్నారు. సర్వరు పెసరట్లు తెచ్చాడు. యుగంధర్ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి సంఘం వైపు పోలేదు. పోకపోతే ఏమొచ్చింది? పోయిన ప్రాణం రాదు కదా.

తల్లి దినాలు ముగిశాక పోతురాజు యుగంధర్ ఇంటికి వచ్చాడు, గుండు మీద తువ్వాలు కప్పుకుని. తిడతాడనుకున్నాడు యుగంధర్. కొట్టినా బాగుండుననుకున్నాడు. పోతురాజు గుమ్మంలోనే నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"మాది ఆగిపోయిందంటండి. మిగతావోళ్ళందరికీ వచ్చేసిందండి. పట్టా ఆడోళ్ళ పేరు మీదే కదండీ, అమ్మ పోయింది కాబట్టి కోడలు నిలబడొచ్చన్నారు. పున్నమి పాటుకి ఒక్కరోజు ఇచ్చారండి." తల మీది తువ్వాలు సర్దుకున్నాడు. "మీరు రావాలండి. ఫోను మీ ఒక్కరికే పనిచేస్తదంట."

లోపలినుంచి ఉషారాణి వచ్చి, యుగంధర్ వంక చూసి, వెళ్ళండి అని మాత్రం అంది.

పున్నమి రోజు పొద్దున్నే వెళ్ళి ఒడ్డున కూర్చున్నాడు. శాలువాలు లేవు, మైకు లేదు, సంఘం వాళ్ళెవరూ లేరు. నీళ్ళు వెనక్కి తీసేదాకా ముగ్గురూ ఇసకలోనే ఉన్నారు. పోతురాజు వల తాడు తెచ్చి పెళ్ళాం నడుముకి కట్టాడు, చీర కుచ్చెళ్ళ కిందుగా, ఫోటోలో కనబడకుండా. రెండో కొస తన నడుముకి కట్టుకుని, ఫ్రేముకి అవతల నిలబడ్డాడు.

పాపాయి దిగింది. అత్త నిలబడ్డ చోటికే నడిచి వెళ్ళింది. మోకాలి లోతే ఉన్నాయి నీళ్ళు. అయినా ఆమె పళ్ళు బిగపట్టి ఇటు తిరిగి నిలబడింది. యుగంధర్ ఫోను రెండు చేతులతో పట్టుకుని నొక్కాడు. పచ్చగుర్తు పడింది.

"అయిపోయిందమ్మా. వచ్చేయ్" అన్నాడు.

పాపాయి కదల్లేదు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు. మొహం సరిగా కనబడాలని జుట్టు వెనక్కి నెట్టుకుని, ఇంకాస్త నిటారుగా నిలబడింది.

"ఇంకోటి తియ్యండి బాబూ. రేపు ఇది కూడా సరిగ్గా లేదంటే, మా ఇంట్లో ఆడదాన్ని ఇంకెవర్నని దింపుతాం?"