దవాఖాన గోడ మీది పేర్లు

బోధన్‌లో బీడీలు చుట్టే వాడల్లో పొద్దున్నే ఒక దృశ్యం కనిపిస్తుంది. ఆడవాళ్లు అరుగుల మీద కూర్చొని, ఒళ్లో చాటలు పెట్టుకొని, తునికాకు కత్తిరిస్తూ ఇంటి సంగతులు చెప్పుకుంటూ ఉంటారు. దారిన పోయే మనకు అక్కడ ఏ కష్టమూ కనబడదు. 1967 చలికాలంలో అలాంటి ఒక అరుగు మీద లింగవ్వ ఆకు కత్తిరిస్తుండగా పక్కనున్న భీమవ్వ ఉలిక్కిపడింది.

"లింగక్కా, ఆకు నిండ నెత్తురు! ఏలు తెగింది సూస్కోలేదా?"

లింగవ్వ చూసుకుంది. కత్తెర ఎడమ చిటికెన వేలిని లోతుగా కోసింది. నొప్పి మాత్రం లేదు.

"పరాకున్న" అని నవ్వి వేలికి కొంగు చుట్టుకుంది. అదే చేతికి మోచేతి కింద రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ ఒకటి ఆరు నెలలుగా ఉంది. తామర అనుకొని పసుపు రాస్తోంది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పొయ్యిలోంచి నిప్పుకణిక తీసి మచ్చకు ఆనించింది. చర్మం కమిలింది. ఆమెకేమీ తెలియలేదు. కేక బయటికి రాకుండా నోట్లో కొంగు కుక్కుకొని అక్కడే కూలబడింది.

ఆ రోగం పేరు ఆమెకు తెలుసు. పుట్టిల్లు ధర్పల్లిలో ముత్తవ్వ అని మేనత్త ఉండేది. లింగవ్వకు తొమ్మిదేళ్లప్పుడు ముత్తవ్వకు పెద్దరోగం వచ్చిందన్నారు. ఎడ్లబండి మీద రెండు రోజులు తీసుకొచ్చి, బోధన్ శివారులోని కుష్టు దవాఖాన గేటు ముందు దింపి, బండి మళ్లించుకొని పోయారు. తరువాత ఆ ఇంట్లో ఆమె పేరెత్తినవారు లేరు.

ఆ దవాఖాన మూతపడి ఐదేళ్లయింది. రోగులను వేరే చోటికి తరలించి, ఆ కట్టడంలో పెద్దవాళ్లకు చదువు చెప్పే కేంద్రం పెట్టారు. అప్పటి కాంపౌండరు ఆత్మారామే ఇప్పుడు అక్కడ అక్షరాలు నేర్పే సారు. ఆయన వాడకొచ్చి పిలిస్తే ఆడవాళ్లు తలుపులు వేసుకునేవారు. "గా గోడలల్ల రోగం ఉన్నది సారూ, మమ్ముల ఆగం చేస్తవా?" అనేవారు. లింగవ్వ కూడా ఆ మాట అన్నదే.

లింగవ్వ పొడుగు చేతుల రవికెలు కుట్టించుకుంది. ఐదేళ్ల కూతురిని దగ్గరికి రానివ్వలేదు. తన కంచం వేరు పెట్టుకుంది. బీడీ కార్ఖానాలో తెలిస్తే ఆకు ఇవ్వరు. చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు దింపే భర్త బాలనర్సయ్యకు తెలిస్తే తననూ బండెక్కిస్తాడు. అది చెరుకు సీజను. పొద్దంతా వీధిలో బండ్లు పోతూనే ఉండేవి. ఒక్కో చక్రం చప్పుడుకూ ఆమె లోపలి అర్రలోకి పోయి తలుపు వెనుక నిలబడేది.

రెండు నెలల్లో మనిషి సగమైంది. చివరికి, కాంపౌండరుగా చేసిన ఆ సారుకు మందు తెలిసే ఉంటుందని, ఒక మధ్యాహ్నం కేంద్రం గుమ్మంలో, తలుపు తాకకుండా నిలబడింది.

"సదువుకుందామని అచ్చిన సారూ."

మంచాలుండే పెద్ద గదిలో ఇప్పుడు చాపలు పరిచి ఉన్నాయి. ఒక గోడ నిండా మేకుతో గీసిన పేర్లు. ఆమె చూపు గమనించి ఆత్మారాం చెప్పాడు.

"మా రోగులు రాసిన పేర్లు బిడ్డా. ఒకరికొకరు నేర్పుకున్నరు. సర్కారు బడి పెట్టకముందే ఇక్కడ బడి నడిచింది."

"ధర్పల్లి ముత్తవ్వ... ఉండెనా?"

ఆయన ఒక పేరు మీద వేలు పెట్టాడు. "గిదే. గోళీలు అచ్చినంక నయమైంది. ఇంటోళ్లు అస్తరని రెండేండ్లు గేటు కాడ కూసున్నది. కార్డులు రాసినం. ఎవ్వలు రాలె. ఆఖరికి నయమైనోళ్లతోని మరాఠ్వాడ దిక్కు పనికి పోయింది. ఇప్పుడేడున్నదో తెల్వది."

ఆ కార్డులు లింగవ్వకు గుర్తున్నాయి. ముట్టుకుంటే రోగమొస్తుందని తండ్రి వాటిని కట్టెపుల్లతో పొయ్యిలోకి తోసేవాడు. ఒక్కటీ చదివించలేదు.

ఆమె మెల్లగా రవికె చెయ్యి పైకి లాగింది. ఆత్మారాం ఆ చేతిని తన చేతిలోకి తీసుకొని, దూదితో తాకి చూశాడు.

"తొందరగనే అచ్చినవ్. డాక్టరుకు సూపిద్దాం. రెండు మూడేండ్లు గోళీలు మింగాలె. బిడ్డను ఎత్తుకో, గీ మచ్చ ముట్టుకుంటే అంటేది కాదు. గని ఇంట్ల చెప్పు."

"ఎల్లగొడ్తరు సారూ!"

"చెప్పకుంటే గన్నేండ్లు దాసుకొని ఎట్ల మింగుతవ్?"

ఆ సాయంత్రమే చెప్పింది. బాలనర్సయ్య ఒక్క అడుగు వెనక్కి వేశాడు. అత్త హన్మవ్వ మనవరాలిని లాక్కొని వాకిట్లోకి పోయింది. తెల్లారి ఆ పిల్లను తీసుకొని జక్రాన్‌పల్లిలోని కూతురింటికి బస్సెక్కింది. బాలనర్సయ్య పనికి పోయినవాడు రెండు రోజులు ఇంటికి రాలేదు. లింగవ్వ పొయ్యి ముట్టించలేదు.

మూడో రోజు ఇంటి ముందు బండి ఆగింది. బాలనర్సయ్య దిగాడు.

"బండెక్కు."

ఆమె గుంజను గట్టిగా పట్టుకుంది. "ఏడ దింపుతవ్?"

"ఏడ గూడ దింప. డాక్టరుకు సూపిచ్చి ఇంటికే తోల్కస్త. సారును అడిగిన, అన్ని చెప్పిండు." ఆయన తలవంచుకున్నాడు. "భయమైతున్నది లింగవ్వా, అబద్ధమెందుకు? గని తోల్కస్త."

అన్నమాట ప్రకారం తీసుకొచ్చాడు. హన్మవ్వ మనసు కుదుటపడి పిల్లతో తిరిగి రావడానికి నాలుగు నెలలు పట్టింది. మూడేళ్లకు డాక్టరు గోళీలు ఆపమన్నాడు. చిటికెన వేలికి స్పర్శ పూర్తిగా రాలేదు గాని, చెయ్యి వంకర పోలేదు. ఈలోగా లింగవ్వ చదవడం, రాయడం నేర్చుకుంది.

ఆ ఏడే కేంద్రంలో సభ జరిగింది. ఊరి పెద్ద రాజమల్లు మంచి మనసుతోనే ఒక మాటన్నాడు. "గా గోడకు గచ్చు చేపిద్దాం. పేర్లు పోతే ఆడోళ్లు భయం లేకుంట అస్తరు."

లింగవ్వ లేచింది.

"నాకు పెద్దరోగం ఉండె" అంది. పక్కనున్నవారు చటుక్కున జరిగారు. భీమవ్వ కూడా జరిగింది. లింగవ్వ అది చూసి కూడా ఆగలేదు. "గోళీలు మింగిన, పోయింది. మా మేనత్తకు గూడ పోయింది. అయినా మేము ఇంటికి తోల్కపోలె. పెద్దయ్యా, గీ పేర్లు చెరపకుండ్రి. రోగమొచ్చిన మనిషిని రోగం ఎల్లగొట్టదు, తెలువక, భయపడి మనమే ఎల్లగొడ్తం. గీ గోడ మీద గదే రాసున్నది. సదువు రానోళ్లకు నేను సదివి చెప్త."