సీరియల్ ఘుగ్రీలు

శుక్రవారం సాయంత్రం ఏడయినా తాండాలో కరెంటు పోలేదు. ఎండలు ముదిరినప్పటినుంచీ దీపాలు పెట్టే వేళకు ఠంచనుగా పోయే కరెంటు, ఆ ఒక్కరోజు మాత్రం అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా కదలనని భీష్మించుకు కూర్చుంది. పూలి వాకిట్లో నిలబడి స్తంభం మీది బల్బు వంక చూస్తూ, "పోవే తల్లీ, ఒక్క గంట పోయిరా" అని బతిమాలుకుంది. బల్బు ఇంకాస్త దేదీప్యమానంగా వెలిగింది.

ఏడున్నరకు భీమ్లా నాయక్ ఇంట్లో టీవీలో 'కొండ కోడలు' సీరియల్. ఈవేళ అందులో పూలి కనబడుతుంది. భీమ్లా తాండా పెద్ద. ఇంటి ముందు చాపలు పరిపించి, టీవీని గడప దాకా జరిపించి, పొద్దుటినుంచీ అందరినీ తనే కేకలేసి పిలుస్తున్నాడు. ఇల్లందు పోయినవాళ్లు కూడా మధ్యాహ్నం బస్సుకే తిరిగొచ్చేశారు. ఇంత సంబరంలోనూ తాండాకు తెలియని సంగతి ఒకటుంది. అది తలచుకుంటేనే పూలికి పై ప్రాణాలు పైనే పోతున్నాయి.

జరిగిందేమిటంటే, నెల కిందట హైదరాబాదు నుంచి షూటింగువాళ్లు పక్కనే గుట్ట మీదున్న కోయగూడెంలో దిగారు. ఆ గూడెం మనిషి జంపయ్య పరుగున వచ్చి, అద్దాల బట్టలు కట్టే ఆడమనిషి ఒకతె కావాలట అన్నాడు. తాండాలో వయసు పిల్లలంతా ఎప్పుడో చీరల్లోకి మారిపోయారు. కుచ్చుల లంగా, అద్దాలు కుట్టిన రవిక, పైట ఇంకా కట్టేది పూలీ, ఆమె అత్త ధ్వాళీ, మరో ఇద్దరు ముసలమ్మలూ. వాళ్లలో గుట్ట ఎక్కి దిగే ఓపిక ఉన్నది యాభై నిండని పూలికే. సరేనని జంపయ్య వెంట పోయింది.

అక్కడ ట్రంకుపెట్టె ముందేసుకుని కూర్చున్నాడు వెంకటకృష్ణ. నటులకు బట్టలూ నగలూ తొడిగే పని అతనిది. కోస్తా మనిషి, బట్టతల, నోట్లో ఎప్పుడూ నాలుగు పిన్నీసులు. పూలిని ఎగాదిగా చూసి, "బట్టలు బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా, మొహమే కాస్త బోసిగా ఉంది" అంటూ పెట్టెలోంచి ఘుగ్రీలు తీశాడు.

ఘుగ్రీలంటే చెంపల పక్కన జుట్టుకు అల్లి వేలాడదీసే వెండి కుచ్చులు. మొగుడున్న లంబాడీ ఆడదే వాటిని పెట్టుకోవాలి, మొగుడు పోతే తీసెయ్యాలి. పూలి మొగుడు దేవ్‌సింగ్ పోయి ఎనిమిదేళ్లయింది. ఎనిమిదేళ్లుగా ఆమె చెంపలు ఖాళీ. వద్దయ్యా అందామని నోరు తెరిచింది. ఆలోపే అతను రెండువైపులా తగిలించేసి అద్దం చూపించాడు.

అద్దంలో చూసుకుని పూలి నవ్వింది. తల ఇటు తిప్పితే గలగల, అటు తిప్పితే గలగల. ఆ రోజంతా ఆమె కాళ్లు నేలమీద నిలవలేదు. ఎవరేం చెప్పినా తలూపింది, ఊపడం కోసమే ఊపింది. ఆమెకు ఒకే ఒక్క డైలాగు: "వద్దు దొరా! కొండదేవత ఆగ్రహిస్తుంది!" ఆగ్రహించడమంటే ఏమిటో ఆమెకు తెలియదు, ఆ కొండదేవత ఎవరో అసలే తెలియదు. డైరెక్టరు ఆ మాట నాలుగుసార్లు చెప్పించాడు. నాలుగుసార్లూ పూలి నవ్వు మొహంతోనే చెప్పింది. ఆఖరికి ఆయన విసిగిపోయి, "పోనీలే, పిచ్చిదనుకుంటారు" అని కానిచ్చేశాడు.

సాయంత్రం ఘుగ్రీలు తిరిగిచ్చి తాండాకు నడుస్తుంటే అప్పుడు పట్టుకుంది భయం. అత్త చూస్తే?

ధ్వాళి ఆషామాషీ మనిషి కాదు. ఇరవై ఎనిమిదేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని, నలభై ఏళ్లుగా ఆచారం వెంట్రుకవాసి తప్పకుండా బతికింది. దమ్మపేట దగ్గర సొంత చెల్లెలింటికి పోయినప్పుడు, ఆ ఇంటి కోడలు మొగుడు పోయినా మోచేతి పైగాజులు తియ్యలేదని కంచంలోనే చెయ్యి కడిగేసి లేచివచ్చింది. పదేళ్లయింది, మళ్లీ ఆ గడప తొక్కలేదు.

పూలికి పిల్లల్లేరు. పుట్టింట్లో రమ్మని పిలిచే దిక్కు లేదు. దేవ్‌సింగ్ పోయాక ఆ ఇంట్లో మిగిలింది అత్తా కోడళ్లిద్దరే. ఒకరు రొట్టె చేస్తే ఒకరు కాలుస్తారు. పోట్లాడుకోవడానికైనా, పొద్దుపోక నవ్వుకోవడానికైనా వాళ్లకు వాళ్లే. అలాంటి అత్త తన కంచంలోనూ చెయ్యి కడిగేసి పోతే? ఆ మాట ఊహించుకోవడానికి కూడా పూలికి ధైర్యం చాలలేదు. అందుకే షూటింగు సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పి, ఘుగ్రీల సంగతి ఒక్కటి మింగేసింది.

ఇప్పుడు కరెంటు మాట వినకపోయేసరికి అత్త మీద పడింది.

"అత్తా, పొద్దుగాల కడుపుల నొస్తుందన్నవ్ గదా. పండుకో."

"నేనెప్పుడన్న?"

"కండ్లు మంటలన్నవ్ మరి."

"నా కండ్లకేమైంది? ఖమ్మం దవాఖానల ఆపరేషన్ చేసిన కాడికెళ్లి చీమ కాళ్లు గూడ లెక్కవెడ్తున్న. నా కోడలు టీవీలకొస్తే నేను పండుకుంటనా? నడువ్ జల్దీ!"

ఆ ఆపరేషనుకు దగ్గరుండి తీసుకుపోయింది పూలే. తన గొయ్యి తనే తవ్వుకున్నట్టయింది.

అత్తను ముందు వరసలో కూర్చోబెట్టి పూలి మెల్లగా ఇంటి వెనక్కి జారుకుంది. భీమ్లా పెరట్లో పొడుగాటి గొట్టానికి యాంటెనా కట్టి ఉంది. రెండు చేతులా గొట్టాన్ని పట్టుకుని భద్రాచలం వైపు గిర్రున తిప్పేసింది. టీవీ బుస్సుమంది. చాపల మీద జనం హాహాకారాలు చేశారు.

"ఎవర్రా యాంటెనా కాడ?" అని భీమ్లా అరిచాడు.

"నేనే నాయక్! గాలికి తిరిగింది, సక్కగ పెడ్తున్న!"

చెట్టుమీద ఆకు కూడా కదలడం లేదు.

"వచ్చిందా?" అని అడిగింది పూలి, ఇంకాస్త తిప్పుతూ.

"రాలే!"

"ఇప్పుడు?"

"ఉన్నది గూడ పోయింది!"

పూలి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే పక్కన జంపయ్య ప్రత్యక్షమయ్యాడు. సీరియల్లో అతనూ ఉన్నాడు మరి. గూడెం నుంచి పెళ్లాం బిడ్డలతో సహా దిగాడు. "గట్ల కాదక్కా, జరుగు" అని గొట్టాన్ని ఒక్క తోపు తోశాడు. టీవీలో పాట మోగింది. తాండా మొత్తం చప్పట్లు కొట్టింది.

ఆ సీరియల్ సంగతి చెప్పి తీరాలి. జమీందారు కొడుకు అడవిలో దారి తప్పి ఒక తాండాకు చేరతాడు. ఆ తాండాలో ఇళ్లన్నీ చెట్ల మీద. హీరోయిను లంబాడీ పిల్లట. లంగా లంబాడీదే గానీ, నెత్తిన నెమలీకలు, మెడలో పులిగోళ్లు, వీపున బాణాల పొది. నీళ్లకు పోయినా ఆ బాణాలు దించదు. ఆమె బిందె ఎత్తుకోగానే వెనక జంపయ్యా, అతని జట్టూ అడవిదున్న కొమ్ములు నెత్తిన కట్టుకుని డోళ్లు వాయించారు.

భీమ్లా తెల్లబోయాడు. "మన తాండల కొమ్ములెక్కడియిరా?"

"గవి మా కోయోళ్లయి!" అన్నాడు జంపయ్య గర్వంగా. "పండుగలకు, పెండ్లిళ్లకు కడ్తం. గీడ మీ పిల్ల నీళ్లకు పోతుంటె ఆడమన్నరు. ఆడినం."

"ఇంతకు గీ సీరియల్ల నువ్వెవరు?"

"తాండ పెద్దను."

"నువ్వు తాండ పెద్దవైతే మరి నేనెవర్ని?"

ఆడవాళ్లు ఒకరిమీదొకరు పడి నవ్వారు. చెట్టుమీది ఇల్లు చూసి ఒక ముసలాయన, బర్రెలు గంత మీదికి ఎట్ల ఎక్కుతయిరా అని నిజంగానే బెంగపడ్డాడు. ఇంకొకాయన, హీరోయిను బాణాలు ఎవరిమీద వేస్తుందో తేలేదాకా అన్నానికి లేవనన్నాడు. పూలికీ నవ్వాగడం లేదు. నవ్వుతూనే గుంజ చాటుకు పోయి నిలబడింది.

అప్పుడు వచ్చింది. టీవీ నిండా పూలి మొహమే. రెండు చెంపలా ఘుగ్రీలు తళతళమంటున్నాయి. "వద్దు దొరా! కొండదేవత ఆగ్రహిస్తుంది!" అని పళ్లన్నీ బయటపెట్టి నవ్వింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. చాపల మీది తలలన్నీ మొదట టీవీని చూశాయి, తర్వాత గుంజ చాటున పూలిని చూశాయి, ఆ తర్వాత ముందు వరసలో ధ్వాళి వైపు తిరిగాయి.

"పూలీ," అన్నాడు భీమ్లా. "ఏందిది? దేవ్‌సింగ్ లేనంక ఘుగ్రీలు పెట్టుకుంటవా? నలుగురు జూస్తే తాండ పరువు ఏమైతది?"

పూలి అతని వైపు చూడనే లేదు. అత్త వీపే చూస్తోంది. ఆ వీపు మెల్లగా పైకి లేచింది. అయిపోయింది, పోతోంది, అనుకుంది పూలి. గుంజను గట్టిగా పట్టుకుంది.

ధ్వాళి భీమ్లా వైపు తిరిగింది. "ఎవరు పెట్టుకున్నరు?"

"గదేంది పెద్దవ్వా, నీ కోడలే. నువ్వు జూడలేదా?"

"నీ తాండల చెట్లమీద ఇండ్లున్నయా?"

"లేవు."

"నీ నెత్తిమీద కొమ్ములున్నయా?"

జంపయ్య కిసుక్కుమన్నాడు. భీమ్లా అప్రయత్నంగా నెత్తి తడుముకుని, "లేవు" అన్నాడు.

"మన పిల్లలు బాణాలేసుకొని నీళ్లకు పోతరా? గా కొండదేవత ఎవరు, నీకేమన్న సుట్టమా? అన్ని అబద్ధాలైనంక గదొక్కటి పూలి ఎట్లయితది? గామె ఎవరో సీరియల్ మనిషి. మా పూలి గీడుంది."

భీమ్లా బుర్ర గోక్కున్నాడు. ఎటునుంచి చూసినా ముసలిదాని మాటలో తప్పు దొరకలేదు. పైగా టీవీలో ఉన్నది పూలే అని ఒప్పుకుంటే, జంపయ్యే తాండా పెద్ద అని కూడా ఒప్పుకోవాల్సి వస్తుంది. "అవ్, గది మన పూలి కాదు," అని నలుగురికీ వినబడేలా తీర్పు చెప్పేశాడు.

ఇంటికి వచ్చాక పూలి కంచం పెట్టి అత్త చెయ్యి వంకే చూస్తూ కూర్చుంది. ధ్వాళి కంచం ముందు కూర్చుంది, రొట్టె తుంచింది, నోట్లో పెట్టుకుంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు పూలికి ఒక్కసారిగా తన్నుకొచ్చింది. సంతోషంతో వెక్కివెక్కి ఏడ్చింది.

"బరువున్నయా?" అని అడిగింది ధ్వాళి.

"ఏంది?"

"గవే. నాయి తీసి నలభై ఏండ్లాయె. బరువు యాదికి లేదు."

పూలి ముక్కు తుడుచుకుంది. "లేదత్తా. తేలికున్నయ్. సప్పుడు మాత్రం మంచిగుంది."

ధ్వాళి ఇంకో ముక్క తుంచింది. "షూటింగోళ్లు మళ్ల ఎప్పుడొస్తరట?"

పదిహేను రోజుల తర్వాత వచ్చారు. గుట్ట ఎక్కే ఓపిక లేని ధ్వాళి ఆ వేళ కోడలికంటే ముందు ఎక్కి, పైనుంచి "నడువ్, నడువ్" అని గదమాయించింది. ఇంట్లో పెట్టెలో ఉన్నవాటిలోకెల్లా కొత్త లంగా కట్టుకొచ్చింది. తల దువ్వుకోవడానికే గంట పట్టింది. దారి పొడుగునా ఇద్దరూ చిన్నపిల్లల్లా కిలకిలా నవ్వుకున్నారు, ఎందుకని అడిగితే ఇద్దరికీ తెలియదు.

వెంకటకృష్ణ ట్రంకుపెట్టె దగ్గరే ఉన్నాడు. ఈసారి చేతిలో ఒక నోటుపుస్తకం, మొహంలో ఒక దిగులు. "మాకు చీవాట్లు పడ్డాయమ్మా," అన్నాడు. "హైదరాబాదులో చదువుకుంటున్న మీవాళ్లు ఇన్ని ఉత్తరాలు రాశారు. కొమ్ములు మీవి కావట, పులిగోళ్లు మీవి కావట. ఘుగ్రీలు భర్త ఉన్నవాళ్లే పెట్టుకుంటారట, ఎవరికి పడితే వాళ్లకి తగిలిస్తారా అని దులిపేశారు. ఇకనుంచి ప్రతి ఒక్కరినీ అడిగి, రాసుకుని మరీ పెట్టమన్నారు డైరెక్టరుగారు."

ఆ పిల్లలు రాసినదాంట్లో తప్పు పట్టాల్సింది ఏమీ లేదు. ఎవరో ఒకరు రాయాల్సిందే. కానీ పూలి మాత్రం గుట్ట దిగే దారి వంక చూసింది. ఇంత దూరం వచ్చి ఇక వెనక్కి తిరగాల్సిందే. అత్త అబద్ధమాడే మనిషి కాదు.

అతను పెన్ను తీసి ధ్వాళి వైపు తిరిగాడు. "తప్పుగా అనుకోకండి మామ్మగారూ. మీ ఆయన ఉన్నారా?"

"లేకేం," అంది ధ్వాళి. "ఉన్నడు. మేకలు తోలుకపోయిండు."

వెంకటకృష్ణ హమ్మయ్య అనుకుని రాసుకున్నాడు. "మీ ఆయనో అమ్మా?" అని పూలిని అడిగాడు.

పూలి అత్త మొహంలోకి చూసింది. ధ్వాళి కోడలి చెయ్యి పట్టుకుంది, వదల్లేదు.

"దాని మొగుడు నా కొడుకే," అంది. "దేవ్‌సింగ్. వాడు గూడ ఉన్నడు, తండ్రెంబడే పోయిండు. జల్దీ పెట్టు నాయనా. వాళ్లొచ్చేటాళ్లకు మేం రొట్టెలు కాల్చాలె."