ఎవరూ లేని ఒడ్డు మన్ను

కర్ణాటకలో బంద్ అని మద్రాసు నుంచి బెంగళూరు పోయే రైలును కుప్పంలోనే నిలిపేశారు. ఆ రైలు దిగి, ఒక చేత సంచీ, ఇంకో చేత థర్మోకోల్ పెట్టె పట్టుకుని సుష్మ తన అక్క భారతి ఇంటికి వచ్చింది. పెట్టెలో కరిగిపోతున్న మంచుగడ్డల మధ్య రెండు వెడల్పు మూతి సీసాలు. వాటి నిండా సముద్రం అడుగున తీసిన మన్ను.

"ఒకటి మద్రాసు పక్క, టౌను కాలవలన్నీ కలిసే చోటుది. ఇంకోటి తడ అవతల, ఊరూ ఫ్యాక్టరీ లేని ఒడ్డుది. మిగతావన్నీ నాతో చదివే ప్రీతి ముందే బెంగళూరు తీసకపోయింది. మన్నులో యాడెంత విషం చేరిందో ఆడ ల్యాబులో సూస్తాము. రైలు కదిలేదాకా సల్లగా ఉంటే సాలక్కా."

విషం అన్న మాట చెవిన పడగానే భారతి చుట్టూ చూసింది. చేతికి ఏది దొరికినా నోట్లో పెట్టుకునే కొడుకు ఉదయ్ కిరణ్ అప్పుడే పెట్టె వైపు పాకుతున్నాడు. వాణ్ణి చటుక్కున ఎత్తుకుని, "వంటింట్లో వద్దు సుష్మా. పెరట్లో తొట్టి పక్కన నీడలో పెట్టేయ్," అంది. సుష్మ మారుమాట లేకుండా పెట్టెను పెరట్లో పెట్టి, ఐసు కోసం బజారుకు పోయింది.

పెరడంటే భారతి అత్త మునెమ్మ రాజ్యం. పుంగనూరు పక్క మెట్టసేద్యంలో పుట్టి పెరిగిన మనిషి. వేసవి వస్తే ఎండిన చెరువులో మన్ను బండ్లకెత్తి చేలకు తోలడమే ఆమెకు తెలిసిన పండగ. కొడుకు ఇంట్లో చేను లేకపోయినా పాత గంగాళంలో టమోటా నారు పోసింది. అలాంటి మనిషికి సీసాలో మన్ను కనబడితే ఊరుకుంటుందా?

సుష్మ ఐసు తెచ్చేసరికి మునెమ్మ గంగాళం ముందు మురిసిపోతోంది.

"పాపా, మీ సముద్రం మన్ను బలే మన్ను. వెన్న మాదిరి ఉండాది."

భారతి పాలగిన్నె పక్కన పెట్టి పెరట్లోకి పరుగెత్తింది. సుష్మ మాత్రం మెల్లగా గంగాళం పక్కన గొంతుకూర్చుంది.

"ఏ సీసాది పోసినారత్తా?"

"కంపు కొట్టందే పోసినాలే. ఇంకోటి మూత తీస్తానే కడుపులో తిప్పింది. మోరీ కంపు, కిరసనాయిలు కంపు."

"ల్యాబులో మేం వారం చేసే పని మీ ముక్కు ఇప్పుడే చేసేసింది," అని నవ్వింది సుష్మ. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. "అది ఉప్పు మన్నత్తా. నారు మాడిపోతాది, తీసెయ్యండి."

మునెమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయితే ఆ కంపు సీసాలోదే సగం ఈ ఖాళీ సీసాలోకి వెయ్. మన్నే కదా, ఎవురు సూస్తారు?"

"నేను సూసినాను కదత్తా. మంచి మన్ను ఎట్లుంటాదో తెలిస్తేనే, టౌను పక్కది ఎంత చెడిందో చెప్పగలం. ఇది లేకుంటే దానికి అర్థం లేదు."

వానలు మొదలైతే సముద్రం అడుగు మన్ను చెదిరిపోతుంది. ఈ వారంలో తీయకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి. కురబలకోటలో నాయన లక్ష్మీపతి ఆ ఏడాది ఆగడు. సుష్మ చదువు ఈసారికి ముగించకపోతే పెళ్ళేనని చెప్పేశాడు, మదనపల్లెలో సంబంధం కూడా చూసిపెట్టాడు. తొమ్మిదో తరగతి మధ్యలో తన పుస్తకాలు అటక మీదికి ఎక్కిన రోజు భారతికి బాగా గుర్తుంది.

"రేపు తడకు పోతా. ప్రీతి లేదు, సీసా పట్టుకునే మనిషే లేదు," అంది సుష్మ.

"నేనొస్తా." తన నోట ఆ మాట ఎలా వచ్చిందో భారతికే తెలియలేదు.

"పిల్లోణ్ణి నేను సూసుకుంటా, పో," అంది మునెమ్మ. "మూతలుండేవి మాత్రం ఏమీ ముట్టనులే."

మర్నాడు తడ దగ్గర జాలరి పోలయ్య పడవలో భారతి రెండుసార్లు వాంతి చేసుకుంది. సముద్రం చూడటం అదే మొదలు. బిడ్డ అన్నం తిన్నాడో లేదో, ఏడుస్తున్నాడో ఏమోనని ఒకటే గుబులు. ఎదురుగా సుష్మ చుడీదారు మీద నాయన పాత చొక్కా తొడుక్కుని, గ్రాబ్ అనే ఇనప దవడలను మోకుకట్టి దించింది. పైకి లాగితే దవడల మధ్య గవ్వ ఇరుక్కుని ఉంది. నీళ్ళు బొటబొటా కారాయి. సుష్మ ఒక్కసారి చూసి, మన్నంతా తిరిగి నీళ్ళలో పోసేసింది. మళ్ళీ వేసింది. ఈసారి సగమే వచ్చింది. అదీ పోసేసింది. మోకు రాసుకుని అరచేతులు ఎర్రగా కందిపోయాయి. అయినా ఆ ముఖంలో విసుగు లేదు. పాలు పొంగకముందు పొయ్యి ముందు నిలబడే మనిషిలా, చూపంతా మోకు మీదే.

చిన్నప్పుడు తన కొంగు పట్టుకుని తిరిగిన పిల్లేనా ఇది, అనుకుంది భారతి.

"ఎన్నిసార్లమ్మా? మన్నే గదా. డీజిలు తాగేస్తా ఉండాది ఇంజను," అని గొణిగాడు పోలయ్య.

పొద్దుటి నుంచి భారతి మనసులో ఉన్నదీ ఆ మాటే. తీరా ఇంకొకరి నోట విన్నాక ఒప్పుకోబుద్ధి కాలేదు.

"ఆ దవడలు మూసుకోలా కదన్నా. పైపొరంతా నీళ్ళతో కారిపోయింది. పనికొచ్చేది ఆ పొరేనంట. ఇంకోసారి ఏద్దాం," అని మోకు కొస తనూ అందుకుంది.

సుష్మ తలెత్తి అక్కను చూసి, పక్కకు జరిగి చోటిచ్చింది. ఇద్దరూ కలిసి లాగారు. దవడలు గట్టిగా కరుచుకుని వచ్చాయి. తెరిస్తే బూడిదరంగు మన్ను మీద పల్చటి పొర చెక్కుచెదరకుండా ఉంది. సుష్మ దాన్ని ప్లాస్టిక్ గరిటెతో మీగడ తీసినట్టు తీస్తుంటే, భారతి సీసాను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని ఊపిరి బిగబట్టింది. వాంతి సంగతి గుర్తే లేదు.

పడవ ఒడ్డుకు తిరిగాక అడిగింది, "పోలయ్యన్నా, ఎస్టీడీ బూతు యాడుండాది?"

"పిల్లోడి కోసమా అమ్మా?"

"వాడికి తర్వాత చేస్తా. ముందు మా నాయనతో మాట్లాడాల. మదనపల్లె వాళ్ళకు వద్దని చెప్పమంటా."