సాంచాలు ఆగిన పూట

సుధాకర్ ఇల్లు నిజానికి సగం ఇల్లే. సిరిసిల్లలో అతని బాపు, చిన్నాయన కలిసి కట్టుకున్నారు. నడుమ ఒకటే గోడ. ఇటు సగం ఒకరిది, అటు సగం ఒకరిది. ఇప్పుడు ఇటువైపు సుధాకర్ ఒక్కడే ఉంటున్నాడు, అటువైపు చిన్నమ్మ దేవవ్వ సాంచాలు నడిపిస్తోంది. సాంచె అంటే మరమగ్గమని ఆ ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్లు ఆ గోడకు వీపు ఆనిస్తే చాలు, పళ్లు టకటకలాడి వాటంతటవే చెబుతాయి.

ఈ సగం అమ్ముడుపోతే గాని సుధాకర్ సంసారం ఒక్కచోటికి చేరదు. భార్య పద్మలతకు చెన్నూరు సర్కారు దవాఖానాలో నర్సు ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది. ఆమె అక్కడ అద్దె గదిలో, ఇతను ఇక్కడ మోటార్ల రిపేరు దుకాణంలో. ఇల్లు అమ్మితే ఆ దుకాణమేదో చెన్నూరులోనే పెట్టుకోవచ్చు. పెళ్లాం చేతి పచ్చిపులుసు తినాలంటే బస్సులు మారి పోవాల్సి రావడం, ఇదేం బతుకండీ!

కొనేవాళ్లు రాకపోలేదు. గదులు బాగున్నాయన్నారు, నీళ్లు బాగున్నాయన్నారు, సాంచాల చప్పుడు వినగానే చల్లగా జారుకున్నారు. ఇంటి విలువ కట్టడానికి వచ్చిన ఇంజనీరైతే సుధాకర్ చెప్పేది వినబడక, చెవి దగ్గర చెయ్యి పెట్టుకునే ధర కోసేశాడు.

అందుకే కిష్టవ్వ అనే పెద్దావిడ ఇల్లు చూడటానికి వస్తోందని తెలియగానే సుధాకర్ చిన్నమ్మ కాళ్లావేళ్లా పడ్డాడు.

"చిన్నమ్మా, జర ఒక్క గంట సాంచాలు బంద్ పెట్టవా? నీకు పుణ్యముంటది."

"నడిచే సాంచె ఎవలన్న ఆపుతరార?" అని కసిరింది దేవవ్వ. కాసేపటికి ఆమే మెత్తబడింది. "సరే తియ్. పద్మ మొకం జూసి ఆపుతున్న, నీ మొకం జూసి గాదు."

కిష్టవ్వ మండుటెండలో ఆటో దిగింది. ఇల్లు చూడటం ఆమెకు బాగా తెలుసు. గడప దగ్గర చెప్పులు విడిచి, మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కి, వట్టి కాళ్లతో డాబా మీద నిలబడింది. కాళ్లు కాలలేదు. కనుబొమలు ఎగరేసి సుధాకర్ వంక చూసింది.

"సున్నం పూసినవా?"

"మస్తు మందంగ పూసిన అవ్వా. కింద ఇల్లంత సల్లగుంటది. కూలర్‌తోని పనే లేదు."

కిందికి దిగి పడమటి గోడకు అరచెయ్యి ఆనించింది. కిటికీ ముందు కొంగు పట్టి గాలి ఎటు వీస్తుందో చూసింది. కరెంటు బిల్లు అడిగి, నమ్మనట్టు తల ఊపింది. వాకిట్లోకి వెళ్లి వానాకాలం నీళ్లు ఎటు పోతాయో అడిగింది, మోరీలోకి తొంగి చూసింది, ఎదురింటి కోడలితో నాలుగు మాటలు మాట్లాడి గల్లీ ఎలాంటిదో కూపీ లాగింది. చివరికి లోపలికొచ్చి కుర్చీలో కూలబడింది. బేరం కుదిరినట్టేనని సుధాకర్ మనసు అప్పుడే చెన్నూరు బస్సెక్కింది.

"అంత మంచిగున్నది బిడ్డా. గని పక్కన సాంచాలున్నయన్నరు, సప్పుడు లేదేంది?"

"అదా... కరెంటు పోయిందవ్వా."

కిష్టవ్వ మెల్లగా తలెత్తి పైకి చూసింది. గాలి బాగా వస్తుందని చూపించడానికి సుధాకరే వేసిన ఫ్యాను గిర్రున తిరుగుతోంది. అతనికి నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది.

ఆమె సంచి తీసుకుని లేచింది.

"సాంచాలను పాత ఇనుముకు అమ్ముకున్నరు గద? గా మాట ముందుగాల్నే చెప్తె నేను రాకపోదును. నేను కండెలు చుట్టి బతికేదాన్ని బిడ్డా." మగ్గానికి కావలసిన నూలును కండెలకు చుట్టి ఇవ్వడం ఆమె పని. "మోకాళ్లు పోయినయ్. దూరం మోసుకపోలేక, గోడ పక్కన్నే సాంచాలున్నయంటె ఆశపడి వచ్చిన. సాంచాలు మూలకు పడ్డ కాడ నేనేం జేసి బతకాలె?"

సుధాకర్ నెత్తిన పిడుగు పడింది. ఏ చప్పుడు వల్ల ఇన్నాళ్లు ఇల్లు అమ్ముడుపోలేదో, ఆ చప్పుడు కోసమే వచ్చిన మనిషి గడప దాటబోతోంది.

"అవ్వా, ఆగు! నేనే ఆపిచ్చిన. సప్పుడుకు నువ్వు గూడ పోతవని భయపడి ఆపిచ్చిన!"

"ఫ్యాను తిరుగుతుంటె కరెంటు లేదన్నోని మాట నమ్మాల్నా?"

ఇక మాటలతో పని లేదు. సుధాకర్ నడిమి గోడను పిడికిలితో గుద్దాడు. "చిన్నమ్మా! ఏసెయ్! అన్ని ఏసెయ్!"

"గంట గాలేదు గదరా!" అంది గోడ అవతలి నుంచి దేవవ్వ.

"నీకు దండం పెడత, ఏసెయ్!"

ముందు ఒకటి, తర్వాత మరొకటి, ఆ తర్వాత అన్నీ. గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి, గోడకున్న క్యాలెండర్ వణికింది. కిష్టవ్వ ఇందాక వేడి చూసిన అరచేతినే నడిమి గోడకు ఆనించి కాసేపు అలాగే నిలబడింది. ముడతల మొహం విప్పారింది.

"దొంగ పోరడా!" అని సుధాకర్ వీపు మీద ఒకటి చరిచి, వట్టి కాళ్లతోనే పక్కింటికి నడిచింది.

సుధాకర్ వెంటనే పద్మలతకు ఫోన్ చేశాడు. అతను నోరు తెరవకముందే ఆమె గొంతు దిగాలుగా వినిపించింది.

"సాంచాలు వినవడుతున్నయ్. గీమె గూడ పోయిందా?"

"పోలే!" అని అరిచాడు సుధాకర్. "చిన్నమ్మ తాన కూసున్నది. కండెల మాట అయినంక ఇంటి మాట మాట్లాడుతదట. చెప్పులు మన గడపల్నే ఇడిసిపెట్టింది పద్మా!"

ఆ సంతోషంలోనే లారీ ఎవరిని అడగాలో, బీరువా ఎలా దించాలో చెప్పుకుపోసాగాడు.

"సామాను ఎప్పుడన్న రానియ్," అంది పద్మలత. "ముందుగాల నువ్వు రా."

గోడ అదిరిపోయే ఆ చప్పుడులోనూ సుధాకర్‌కు ప్రతి మాటా స్పష్టంగా వినిపించింది.

"సాంచాల సప్పుడుల ఇనవడలే," అన్నాడు. "జర ఇంకొక్కసారి చెప్పు."