పది తొక్కులు

రెండో చక్రం నట్లు బిగించి బ్రేకుల మేస్త్రి జాకీ దించాడు. ఒకప్పుడు ఊళ్లో చక్రం తిప్పుదామనుకున్న మనిషి, ముప్ఫై ఏళ్లుగా ఊరివాళ్ల చక్రాలు విప్పుతున్నాడు. బతుకులో ఆయనకంటూ ఒక్క బ్రేకూ రాలేదు. వచ్చిన బ్రేకులన్నీ ఎదుటివాళ్ల కార్లవే.

ఈ కారు చెల్లెలిది. రోజూ ఆరుగురు పిల్లల్ని బడికి దింపే కారు. బ్రేకు ప్యాడ్లు అరిగి రేకు తేలేదాకా నడిపింది.

“ఇనుము ఇనుముని కొరుకుతుంటే వినపడలేదటే? చెవుల్లోనూ ప్యాడ్లు వేయించుకున్నావా?” అని పొద్దున్నే దులిపేశాడు. ఆరుగురి గోలలో కారు గోల ఎవరికి వినపడుతుందని ఆమె తిరిగి దులిపింది.

కొత్త ప్యాడ్లు మందం. అవి పట్టాలంటే వాటిని లోపలినుంచి అదిమే పిస్టన్లను వెనక్కి నెట్టాలి. అలా నెట్టాక మొదటి తొక్కుకి పెడలు నేలకు దిగిపోతుంది. తొక్కగా తొక్కగా పిస్టన్లు ముందుకొచ్చి పెడలు రాయిలా గట్టిపడుతుంది. అది చూడ్డానికి ఈ షెడ్డులో మీటరు లేదు. మేస్త్రి పాదమే మీటరు. ప్యాడ్లు ఎవరు వేసినా ఆఖరి తొక్కు ఆయనదే.

ఆ పాదాన్ని చక్కెర జబ్బు తినేసింది. వానలు మొదలైనప్పటినుంచి అరికాలికి నేల ఆనడం తెలియడం లేదు. కాలు చెప్పిన మాట వింటూనే ఉంది. ఆయనకు ఏదైనా చెప్పడమే మానేసింది. ఆయనా ఎవరికీ చెప్పలేదు. చెబితే షెడ్డులో తనతో ఏం పని? అందుకే లెక్క పెట్టుకున్నాడు: బండికి పది తొక్కులు.

పదీ తొక్కి, దిగి, చెల్లెలికి తాళంచెవి ఇచ్చాడు. ఆమె కూర్చుని ఇంజను తిప్పకముందే పెడలు తొక్కింది. ఆ అలవాటు నేర్పింది ఆయనే.

“అన్నయ్యా, నేలకి పోతోంది.”

“చాల్లేవే, రాయిలా ఉంటేనూ.”

“నువ్వే చూడు.”

ఆమె దిగింది, ఆయన ఎక్కాడు. పాత ప్యాడ్లు అడుగంటా అరిగినవి కదా, పిస్టన్లు బాగా లోపలికి వెళ్లాయి, పది చాలలేదు. మళ్లీ తొక్కుతూ, పాదం కింది చీకట్లో కనపడక, తన మోకాలినే పరాయివాడి మోకాలిలా చూస్తున్నాడు. చెల్లెలు తలుపు దగ్గర మోకాళ్లమీద కూర్చుంది. ఆయన పాదంమీద అరచెయ్యి ఆనించి, కాలితోపాటే నొక్కింది. మూడు. నాలుగు. అయిదు.

“ఇప్పుడు గట్టిపడింది,” అంది.

“నీ చెయ్యి నా కాలిమీదే ఉందా?”

ఆమె చెయ్యి తియ్యలేదు. ఎన్నాళ్లనుంచని అడిగింది. చెప్పాడు.

“అప్పట్నుంచి ఎన్ని కార్లు పంపించావు?”

ఆయన అద్దంలోంచి రోడ్డువైపు చూశాడు. అటూ ఇటూ కార్లు పోతున్నాయి.

తరవాత మెల్లగా దిగి యజమాని గదికి వెళ్లాడు. వానలప్పటినుంచి తాను తొక్కి పంపిన బళ్లన్నీ వెనక్కి పిలిపించి ఇంకొకరిచేత తొక్కించమన్నాడు, రేపటినుంచి రానన్నాడు. మేస్త్రి మాటల్లో సగం వేళాకోళమే కాబట్టి యజమాని ముందు నవ్వాడు. ఆ మీదట కుర్చీలోంచి లేచాడు.

దింపుతాను రమ్మని చెల్లెలు పిలిస్తే, నడుస్తానని ఆయన చెయ్యి ఊపాడు. ఇనుప రజనూ గాజు పెంకులూ నిండిన వాకిలి దాటి, ఎక్కడా ఆగకుండా సందు మలుపు తిరిగిపోయాడు.

ఆమె కారెక్కి కాలు చాపితే ఏదో అడ్డం తగిలింది. వంగి చూసింది. బ్రేకు పెడలు కింద ఆయన కుడికాలి చెప్పు, అయిదు వేళ్ల అచ్చులూ నల్లగా పడి, అలాగే ఉంది.